మూడేళ్లుగా వాడుతున్న ఆర్‌ఎస్ 485 కన్వర్టర్: నిందంతా దానికి, తప్పంతా వైరింగ్‌లో

ఎనిమిది ఎనర్జీ మీటర్లు, రెండు టెంపరేచర్ కంట్రోలర్లు. వీటన్నిటినీ ఆర్‌ఎస్ 485 అనే రెండు వైర్ల డేటా లైను మీద కలిపాను. వీటి రీడింగులు కంప్యూటర్‌లోకి రావడానికి ఐసోలేషన్ (లైనుకూ కంప్యూటర్‌కూ మధ్య నేరుగా విద్యుత్ కలవకుండా వేరుచేసే ఏర్పాటు) ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ కొని మూడేళ్లు దాటింది. రాత్రీపగలూ నడుస్తోంది, ఒక్కసారీ చెడిపోలేదు. కానీ మొదటి నెలలోనే దీన్ని వాపసు ఇచ్చేయబోయాను.

మొదటిరోజు ఒక్క మీటరూ పలకలేదు. స్లేవ్ అడ్రస్ (ప్రతి మీటరుకూ ఇచ్చే నంబరు), 9600 బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) అన్నీ సరిగానే ఉన్నాయి. ఈ లైనులోని రెండు వైర్లకు ‘ఏ’, ‘బి’ అని పేర్లు. తీరా చూస్తే, కన్వర్టర్ మీద ‘ఏ’ అని ఉన్నది మీటరు మీద ‘బి’. ప్రమాణం ప్రకారం లైను ఖాళీగా ఉన్నప్పుడు ‘బి’ వోల్టేజే ఎక్కువ ఉండాలి. చాలామంది తయారీదారులు తిరగేసి రాస్తారు. అందుకే అక్షరాలను నమ్మడం మానేశాను. జవాబు రాకపోతే రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి చూస్తాను. దానివల్ల ఏదీ కాలిపోదు.

అసలు టెన్షన్ పెట్టింది చివరి మూడు మీటర్లు. కాసేపు రీడింగు, కాసేపు టైమవుట్. దూరం తగ్గుతుందని లైను మధ్యలోంచి పొడవాటి కొమ్మ ఒకటి లాగాను, అదే నా తప్పు. దాన్ని తీసేసి, ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు గొలుసులా కలిపి, సిగ్నల్ కొసల నుంచి వెనక్కి తిరిగి రాకుండా రెండు కొసల్లోనే 120 ఓమ్స్ రెసిస్టర్లు పెట్టాను. రెండు రెసిస్టర్లూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి, పవర్ ఆపి కొలిస్తే రెండు వైర్ల మధ్య సుమారు 60 ఓమ్స్ రావాలి. నాకు 118 వచ్చింది, అంటే ఒక రెసిస్టరే తగులుతోంది. ఒక మీటరు టెర్మినల్లో రెండు వైర్లు ఒకే స్క్రూ కింద దూర్చినచోట, ఒకదాని రాగి పోచలు పక్కకు జారి స్క్రూ కిందికే పోలేదు. పైకి మాత్రం బిగుతుగా కనిపించింది! అప్పటినుంచి ఫెర్రూల్ (పోచలన్నీ కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) లేకుండా వైరు దూర్చడం లేదు.

గ్రౌండ్ టెర్మినల్‌ను ఏడాదిపాటు ఖాళీగా వదిలేశాను. పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా ఎర్రర్లు వచ్చేవి. ఆ టెర్మినల్‌కు మూడో వైరు కలిపి, షీల్డును (కేబుల్‌లోని వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఒకవైపే ఎర్త్ చేశాక ఆగిపోయాయి.

కన్వర్టర్‌తో నా ఫిర్యాదులు రెండే. స్క్రూలు మరీ చిన్నవి. వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే కామ్ నంబరు (కంప్యూటర్ ఆ కన్వర్టర్‌కు ఇచ్చే పోర్టు నంబరు) మారిపోతుంది. పంపడం, అందుకోవడం విడివిడిగా చూపే లైట్లు మాత్రం బంగారం. పంపే లైటు వెలిగి రెండోది వెలగలేదంటే నేరుగా వైర్ల దగ్గరికే వెళ్తాను.

వచ్చేవారం ఇంకో రెండు మీటర్లు కలపాలి. ముందు చివరి మీటరు దగ్గరున్న రెసిస్టర్‌ను తీసి, కొత్త కొసకు మార్చాలి.