పడవ కొయ్య చప్పుడు: మూడేళ్ళలో ఏది పనిచేసింది, ఏది చెడింది

కృష్ణపట్నం పక్కన కండలేరు పాయలో నాకొక చిన్న తెరచాప పడవ ఉంది. ఇరవై రెండు అడుగులది, 2022లో చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తెచ్చిన నెలలోపే ఒడ్డున ఉండే అవ్వ నిలదీసింది: "ఏందబ్బయ్యా, రాత్రంతా గుడిగంట కొడతా ఉంటావు? మాకు నిద్రల్లేవు."

నిజమే. చాపను మోసే నిలువు స్తంభాన్ని కొయ్య అంటాం కానీ అది అల్యూమినియం గొట్టం, లోపలంతా బోలు. చాపను పైకి లాగే తాడు దానికి ఆనుకునే కిందికి దిగుతుంది. గాలికి ఊగి కొడుతుంటే టంగ్ టంగ్‌మని పాయంతా వినిపిస్తుంది. ఇక లోపల పడుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు, కొయ్య నిలబడేది నెత్తి మీది కప్పు పైనే.

ముందు తాడును గట్టిగా బిగించి చూశాను. సాయంత్రం బిగిస్తే తెల్లారేసరికి వదులు. బిగువుగా ఉన్నంతసేపూ స్వరం పెరిగేదే తప్ప చప్పుడు ఆగేది కాదు. చేయాల్సింది తాడును కొయ్యకు తగలకుండా పక్కకు లాగి, కొయ్యను అటూ ఇటూ పట్టి ఉంచే స్టీలు తీగలకు కట్టడం. ఇది బుర్రకెక్కడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

దేంతో కట్టాలన్నది అసలు ప్రశ్న. ముత్తుకూరులో పంక్చర్ షాపతను ఊరికే ఇచ్చిన పాత సైకిల్ ట్యూబును ముక్కలు కోసి కట్టాను. చప్పుడు ఆపడంలో దాన్ని మించింది ఇంతవరకు చూడలేదు. కానీ ఎండలు ముదిరేసరికి పగిలి, తెల్లటి డెక్కు మీద నల్ల మరకలు పెట్టింది. అవి ఇప్పటికీ వదల్లేదు. తర్వాత బైకు వెనక సామాను కట్టే ఎలాస్టిక్ తాడు. ఉప్పుగాలికి కొక్కేలు తుప్పు పట్టి, ఒకరోజు ఒకటి విరిగి నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. కొక్కేలున్నది మాత్రం కొనొద్దు.

ఇప్పుడు వాడుతున్నది చెన్నైలో పడవ సామాన్ల షాపులో మీటర్ల లెక్కన అమ్మే ఎలాస్టిక్ తాడు, ఎనిమిది మిల్లీమీటర్లది. ఒక చివర ఉచ్చు, రెండో చివర ప్లాస్టిక్ గుండు. రెండేళ్ళు దాటింది. పై తొడుగు వెలిసింది, సాగుడు కాస్త చచ్చింది. అప్పుడు ఒక చుట్టు సరిపోయేది, ఇప్పుడు రెండు వేస్తున్నాను. చాప ఎత్తేముందు విప్పడం మర్చిపోకూడదు. మా బావమరిది ఒకసారి ఉత్సాహంగా లాగితే చాప సగంలో ఇరుక్కుంది, పడవ తిన్నగా మడ చెట్లలోకి పోయింది.

ఇంత చేసినా కొయ్య లోపల టకటక మిగిలింది. అది పైన దీపానికి పోయే వైరు. కొయ్య దించితే తప్ప దాని జోలికి పోలేం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను భయంతో ఎలాగూ దించాల్సి వచ్చింది. తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక, ఎక్కించేముందు వైరు బయటికి లాగి, అడుగుకో చోట మూడేసి కేబుల్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, బిగించాను. తోకలు కోయకుండా మూడు దిక్కులకూ నిలబెడితే వైరు సీసాలు కడిగే బ్రష్‌లా తయారైంది. ఆ తోకలు గొట్టానికి ఆని వైరును కదలనివ్వవు. పెట్టిన డబ్బుకు ఇంత లాభం మరి దేంట్లోనూ రాలేదు.

చాప జారే గాడి కూడా ఈల వేసేది. అందులోకి ఒక నైలాన్ పట్టీ ఎక్కిస్తే సద్దుమణిగింది. పెద్ద గాలికి స్టీలు తీగలు వేసే ఈలకు మాత్రం నా దగ్గర మందు లేదు. అవ్వ దాన్ని సముద్రం ఖాతాలో రాసేసింది కాబట్టి నేనూ ఊరుకున్నాను.