ముక్కల పనా, బయట గదా, తలుపేసిన పనా? ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు ఏది మేలు

నేను మెడికల్ కోడర్‌ని. అమెరికాలో డాక్టర్లు రాసిన కేసు షీట్లు చదివి, అందులోని ఒక్కో జబ్బుకు ఒక్కో కోడ్ వేయడం నా పని. మా కోడ్‌ల పుస్తకంలో జెడ్ 73.0 అని ఒకటుంది. అది బర్నవుట్‌కు, అంటే మనిషి లోపల్నుంచి పూర్తిగా అలసిపోవడానికి. పేషెంట్లకు నేను ఆ కోడ్ వేసింది చాలా తక్కువ. కానీ రెండేళ్ల కింద అది నా ఒంటికి సరిగ్గా సరిపోయింది.

2020 లాక్‌డౌన్‌కు ముందు మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసేదాన్ని. ఒక వైపు దాదాపు వంద కిలోమీటర్లు. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దాటి సీట్లో కూర్చునేసరికే సగం ఓపిక అయిపోయేది. అందుకే ఇంటి నుంచి పని అనగానే పండగనుకున్నాను. ఆ తర్వాత మూడు పద్ధతులు చూశాను. మూడింట్లో ఏది ఎవరికి పనికొస్తుందో, నాకు తెలిసినంత చెబుతాను.

మొదటిది ముక్కల పని. మాకు ఫోన్ కాల్స్ ఉండవు, రోజుకిన్ని చార్టులు, అంటే కేసు షీట్లు, అని టార్గెట్ ఉంటుంది. ఎప్పుడు చేసినా అడిగేవాళ్లు లేరు. పొద్దున అయిదింటి నుంచి ఆరున్నర దాకా, పది నుంచి పన్నెండు, రెండు నుంచి నాలుగు, మళ్లీ రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర. లెక్కకు ఎనిమిది గంటలే. కానీ పొద్దున అయిదింటికి మొదలైన రోజు రాత్రి పదకొండున్నర దాకా ముగియదు. పప్పు తాలింపు వేస్తుంటే చార్టు గుర్తొస్తుంది, చార్టు ముందు కూర్చుంటే బాబు హోంవర్క్ గుర్తొస్తుంది.

ఒక రోజు సంగతి చెబుతాను. పద్నాలుగు పేజీల చార్టు. పేషెంటుకు ఎడమ మోకాలు అరిగింది. కుడి మోకాలికి ఎం 17.11, ఎడమదానికి ఎం 17.12. తొమ్మిదో పేజీలో ఉండగా అత్తమ్మ వాకిట్లోంచి పిలిచింది: "బిడ్డా, నల్లా వచ్చింది!" మా వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఆగితే ఆగినట్టే. లేచి ఆరు బిందెలు పట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కోడ్ కొట్టాను. ఎం 17.11 కొట్టాను. మూడు రోజుల తర్వాత ఆడిట్‌లో దొరికింది. మాకు తప్పులు నూటికి అయిదు దాటకూడదు. ఆ నెల దాటాయి. నాకు పని రాదని కాదు, ఒక్క పేజీ కూడా మనసు నిలిపి చదవనిచ్చే పద్ధతి కాదది. ముక్కకూ ముక్కకూ మధ్య మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకున్న సమయం ఏ లెక్కలోకీ రాదు.

అయినా ఈ పద్ధతి ఎవరికీ పనికిరాదనను. చంటిపిల్ల తల్లికి ఇంకో దారి ఉండదు. అలాంటప్పుడు మూడు ముక్కలకు మించనివ్వకండి, రాత్రి ముక్కను మాత్రం ఎలాగైనా తీసేయండి. నన్ను ఎక్కువగా దెబ్బతీసింది అదే.

రెండోది బయట గది. గ్రూప్స్‌కు చదివేవాళ్ల కోసం మన టౌన్లలో స్టడీ హాళ్లు చాలా వచ్చాయి. ఏసీ, వైఫై, ఎవరి కుర్చీ వాళ్లకి. డిజైనింగ్, సాఫ్ట్‌వేర్ కోడ్ రాసే పని లాంటివైతే వాటిలో హాయిగా చేసుకోవచ్చు. నాకు కుదరలేదు. పేషెంట్ల వివరాలు బయటపడకూడదని అమెరికాలో 1996లో హిపా అనే చట్టం చేశారు. దాన్నిబట్టి మా కంపెనీ రూల్ ఏమంటే, నా స్క్రీన్ ఇంకొకరికి కనపడకూడదు, పక్కన సెల్‌ఫోన్ కూడా ఉండకూడదు. దాంతో మెట్టుగడ్డ దగ్గర తెలిసినవాళ్ల మేడ మీద చిన్న గది తీసుకున్నాను. కిరాయి, కరెంటు, నెట్ కలిపి నెలకు నాలుగు వేలు దాటేది.

పని మాత్రం బంగారంలా సాగింది. సాయంత్రం నాలుగున్నరకే టార్గెట్ అయిపోయేది, ఆడిట్‌లో తప్పుల్లేవు. అయితే అయిదింటికి ఇంటికొస్తే సింకు నిండా బోళ్లు, దండెం మీద తీయని బట్టలు. పొద్దున నేను లేనప్పుడు ఆగిన పనులన్నీ నా కోసమే ఎదురుచూసేవి. గదిలో ఆదా అయిన ఓపిక ఇంటికొచ్చాక ఖర్చయ్యేది. నాలుగు నెలలకు వదిలేశాను.

బర్నవుట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ ఇంకిపోవడం, ఉద్యోగమంటే విరక్తి రావడం, చేసే పనిలో పస తగ్గడం. ఇది ఉద్యోగానికి సంబంధించిందే తప్ప బతుకులోని మిగతా వాటికి వాడకూడదని కూడా రాసింది. కోడర్‌గా ఆ గీత ఎందుకు గీశారో నాకు అర్థమవుతుంది. ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్ల ఒంట్లో మాత్రం ఆ గీత ఉండదు. ఉద్యోగం సగం, ఇంటి చాకిరీ సగం కలిసే మమ్మల్ని అరగదీస్తాయి. ఒకదాన్ని చక్కబెట్టి రెండోదాన్ని వదిలేస్తే ఏ గదీ కాపాడదు.

మూడోది తలుపేసిన పని. ఇంట్లోనే, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా ఒకే బిగిన. ఇది నేను తలుపేసుకున్నంత మాత్రాన జరగలేదు. "ఇంట్లనే ఉంటవ్ గద, అయిదు నిమిషాలు రా" అనే మాట ఆగితేనే జరిగింది. దాన్ని ఆపింది మా మామయ్య. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఒకనాడు చార్టులు మిగిలిపోయి నేను అన్నం ముందు ఏడుస్తుంటే చూసి అత్తమ్మతో అన్నారు: "స్టీరింగ్ మీద కూసున్నోణ్ణి నడిమిట్ల ఎవలన్న లేపుతరా? డ్యూటీ ఎక్కినంక మనిషి ఇంట్ల ఉన్నట్టు కాదు." నేను రెండేళ్లు చెప్పి అర్థం చేయించలేకపోయింది ఆ రెండు మాటల్లో అయిపోయింది.

ఆ రాత్రే క్యాలెండర్ వెనక రాసుకున్నాం. నల్లా మామయ్యది, బాబు టిఫిన్, స్కూలు ఆటో మా ఆయనవి, పొద్దున వంట అత్తమ్మది, రాత్రి వంట నాది. తలుపు గొళ్లేనికి ఎర్ర తువ్వాల ఉంటే నేను డ్యూటీలో ఉన్నట్టు. నిప్పంటుకుంటే తప్ప తట్టకూడదు. అత్తమ్మకు ల్యాప్‌టాప్ చూస్తే పనో సినిమానో తెలియదు, తువ్వాల చూస్తే తెలుస్తుంది.

ఒకే బిగిన అంటే లేవకుండా కూర్చోమని కాదు. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు ఆగడం అనే పొమొడోరో పద్ధతి చాలామంది చెబుతారు. 1980ల చివర్లో ఇటలీ ఆయన ఒకరు కనిపెట్టింది. చదువుకునేవాళ్లకు మంచిదే. నాకు పనికిరాలేదు, చార్టు సగంలో ఉండగా గంట మోగుతుంది. నేను గడియారం వదిలి చార్టుల లెక్క పట్టుకున్నాను. ఆరు చార్టులు కాగానే లేస్తాను, కళ్లు కడుక్కుంటాను, మేడెక్కి దిగుతాను. రెండున్నరకు ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళమేస్తాను.

ఏడాదికోసారి వారం సెలవు మేలా, రోజూ కాస్త విరామం మేలా అని కూడా అడుగుతుంటారు. నాకు మా మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి గుర్తొస్తుంది. 2018లో ఆ మర్రికి చెదలు పట్టినప్పుడు మొదట మందును చెట్టులోకి ఎక్కిస్తే బయటికి కారిపోయింది. అప్పుడు కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి చుక్క చుక్కగా ఎక్కించారు. నా వారం సెలవూ అలాగే కారిపోయింది, తిరిగొచ్చిన రెండో రోజుకే పాత అలసట. రోజూ రెండున్నర తర్వాత దొరికే ఆ ఒక్క గంట మాత్రం ఒంట్లో నిలిచింది.

కాబట్టి నా మాట ఇది. ఒంటరిగా ఉండేవాళ్లకు, ఇంట్లో గది లేనివాళ్లకు డబ్బు పోయినా బయట గదే మంచిది. అత్తమామలతో, పిల్లలతో ఉండేవాళ్లకు తలుపేసిన పని మేలు. అయితే తలుపు వేసేముందు ఆ గంటల్లో మీ పని ఎవరు చేస్తారో కాగితం మీద రాయించుకోండి. రాసేవాళ్లు లేకపోతే ఎంత మంచి నెట్ ఉన్నా, ఎంత మంచి కుర్చీ కొన్నా మొదటి పద్ధతిలోకే జారిపోతారు.

ఈ రోజు నీళ్లొచ్చే రోజు. ఆరో చార్టు అయిపోయి తలుపు తీసేసరికి ఆరు బిందెలూ నిండి వరసగా ఉన్నాయి. మామయ్య పైపు చుట్టి మేకుకు తగిలిస్తున్నారు.