మెదక్ చర్చి అద్దాల కోసం ఒక రాత్రి ఆగండి

హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరదీసి, మెదక్ చర్చి చూపించి, సాయంత్రానికల్లా ఇంటి దగ్గర దింపే ప్యాకేజీలు బోలెడు. చర్చి చూసి రావడానికి అవి చాలు. అక్కడి రంగుటద్దాల కిటికీలను ఫొటో తీయాలనుకునేవాళ్ళకు మాత్రం అలా వెళ్ళడం డబ్బు దండగే. మా అక్కావాళ్ళు ఒక ఏజెన్సీ బండిలో వెళ్ళొచ్చారు. చేరేసరికి పన్నెండు కావస్తోందట. లోపల ముప్పావు గంట, ఆపైన భోజనాలు, ఏడుపాయల గుడి, తిరుగు ప్రయాణం. అక్క చూపించిన ఫొటోలన్నిటిలో కిటికీలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆమె చేతిలో లోపమేమీ లేదు. ఆ వేళకు తూర్పు, పడమటి కిటికీలను ఎవరు తీసినా వచ్చేది అదే.

ఎందుకంటే అక్కడి మూడు పెద్ద కిటికీలు మూడు దిక్కుల్లో ఉన్నాయి. బలిపీఠం వెనక ఉత్తరాన క్రీస్తు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కిపోవడం. హాలుకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన రెక్కల్లో మిగతా రెండూ: పడమటి రెక్కలో జననం, తూర్పు రెక్కలో సిలువ. చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. కిటికీలు మాత్రం ఒకేసారి రాలేదు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. మూడింటికీ చిత్రరచన ఫ్రాంక్ ఓ. సాలిస్బరీదే. లండన్‌లో రాజులకూ దేశాధినేతలకూ చిత్తరువులు గీసి పేరు తెచ్చుకున్న మనిషి, కానీ కుర్రతనంలో పని నేర్చుకున్నది సెయింట్ ఆల్బన్స్‌లో, అన్నగారు చూసుకునే రంగుటద్దాల కార్ఖానాలో. ఇది తెలిశాక ఆ కిటికీల్లోని ముఖాలను నేను చూసే తీరే మారిపోయింది. కళ్ళ కింది నీడలు, బుగ్గల వంపు చిత్తరువులు గీసే చెయ్యి వేసినవి. ఆ ముఖం చుట్టూ గాజు ముక్కలను కలిపే సీసపు పట్టీ ఎక్కడ తిరగాలో, ఏ మడత దగ్గర గాజు తెగాలో నిర్ణయించింది కార్ఖానాలో పెరిగిన బుర్ర.

కాబట్టి మొదటి పని: ముందురోజు సాయంత్రానికే మెదక్ చేరండి. చర్చి ఆఫీసులో తలుపులు తెరిచే వేళ, ఆరాధన వేళలు కనుక్కుని పెట్టుకోండి. పెద్ద కెమెరాతో తీయవచ్చో లేదో అప్పుడే అడగండి. ఫోన్ చూసి చూడనట్టు ఊరుకునేవాళ్ళు కూడా కెమెరా స్టాండు కనబడితే ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయమే. అది ప్రార్థన జరిగే చోటు. నేనైతే స్టాండు తీసుకెళ్ళడమే మానేశాను. బల్ల వెనక భాగానికి మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే సరిపోతుంది. అసలు రంగుటద్దం అనేదే వెలుగు వచ్చే చోటు, దానికి కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచక్కర్లేదు.

పొద్దున తూర్పు కిటికీ దగ్గర మొదలుపెట్టాలి. ఎండ నేరుగా తగిలే తొలి గంటలో రంగులు మండిపోతుంటాయి. చూడటానికి అంతకు మించిన వేళ లేదు గానీ, కెమెరాకు కష్టం. సూర్యుడి ముందుకొచ్చిన ముక్కలు తెల్లబోతాయి, పక్క ముక్కలు నల్లబడతాయి. ఆ గంట నేను కిటికీ జోలికి పోను, నేలను తీస్తాను. బ్రిటన్ నుంచి తెప్పించిన మొజాయిక్ పలకల నేల అది. దాని నమూనాల మీద ఎరుపూ నీలమూ పడి మెల్లగా జరుగుతుంటాయి. ఒక నీలం మచ్చ పలక అంచు దాటి పక్క పలక మీదికి పోవడం, ఓపికగా కూర్చుంటే కంటికే తెలుస్తుంది.

ఆ తర్వాత పొద్దెక్కి, ఎండ గాజు మీద నుంచి తప్పుకుంటుంది. వెనక ఆకాశం మాత్రం ఇంకా కాంతిగా ఉంటుంది. ముఖాలూ చేతులూ మడతలూ తీయాల్సింది అప్పుడు. పల్చని మబ్బు పట్టిన రోజు దొరికితే అదృష్టమే, కిటికీ అంతటా ఒకే వెలుగు పరుచుకుంటుంది. దగ్గరికెళ్ళి మెడ ఎత్తి తీస్తే కిటికీ పైకి పోయేకొద్దీ ఇరుకైపోతుంది. అందుకని హాలుకు అవతలి గోడ దాకా వెనక్కి వెళ్ళి, జూమ్ లెన్స్‌తో తీయాలి. నూట ముప్పై అయిదు, రెండొందల మిల్లీమీటర్ల మధ్య నాకు హాయిగా కుదిరింది. ఆ లెన్స్‌లో నుంచి చూస్తే, కింద నుంచి ఒకే రంగులా కనిపించిన అంగీలో రకరకాల ఎరుపులు బయటపడతాయి. గాజు మీద కుంచెతో వేసి కొలిమిలో కాల్చిన గోధుమరంగు గీతలు కూడా కనిపిస్తాయి, వేలి గోరు మీది గీత దాకా.

సెట్టింగుల సంగతి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే చుట్టూ ఉన్న చీకటి గోడను చూసి భయపడి వెలుగు పెంచేస్తుంది, కిటికీ పాలిపోతుంది. ఒక్క చుక్క మీది వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి, కిటికీలో అన్నిటికంటే లేతగా ఉన్న గాజు ముక్క మీద కొలత తీసుకోండి. గోడలు నల్లబడితే నల్లబడనివ్వండి. ఫొటోలో వెలుగు ఎంతెంత పడిందో చూపే గీత, హిస్టోగ్రామ్‌లో మూడు రంగులూ విడివిడిగా చూసుకోవాలి. ముదురు నీలం గాజు దగ్గర మొత్తం గీత బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల నీలం ఒక్కటే అంచు దాటి పోతుంటుంది. అది పోతే ఇంటికొచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, పగటి వెలుగుకు కట్టేయండి. పసుపు ఎక్కువున్న కిటికీ చూడగానే ఆటో దాన్ని సరిచేయబోయి పాడుచేస్తుంది. మధ్యయుగం నుంచీ వస్తున్న ఆ బంగారు పసుపు, గాజు మీద వెండి లవణం పూసి కాల్చితే వచ్చేది. దాన్ని సరిచేయాల్సిన పని కెమెరాకు లేదు. ఫ్లాష్ సంగతి వేరే చెప్పాలా? గాజు బూడిదరంగు పలకలా, సీసం మెరిసే తీగలా వస్తాయి.

ఫ్లాష్ ఎందుకు పనికిరాదో, మధ్యాహ్నం తూర్పు కిటికీ అందుకే పనికిరాదు. పొద్దు పడమటికి తిరిగాక ఆ వైపు నుంచి వచ్చిన వెలుగు హాలు దాటి తూర్పు కిటికీ లోపలి ముఖం మీద పడుతుంది. వెనక నుంచి రావాల్సిన వెలుగు ముందు నుంచి వస్తే రంగుటద్దం చచ్చిపోతుంది. హాల్లోని ట్యూబులైట్లు చేసేదీ అదే. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన్ని, "అన్నా, ఈ పక్క లైట్లు ఒక్క అయిదు నిమిషాలు ఆపుతారా?" అని అడిగాను. "ఆగమ్మా, ప్రార్థన చేసుకునేటోళ్ళు లేవనీ" అన్నాడు. వాళ్ళు లేచి వెళ్ళాక ఆయనే వచ్చి ఆపి, పక్కన నిలబడి కిటికీని చూశాడు. "క్రిస్మస్‌కు జనంల పడి దీన్ని మంచిగ చూసుడే కాదు" అన్నాడు. ఆ అయిదు నిమిషాల్లో వచ్చిన ఫొటోలే నా దగ్గరున్న వాటిలో మేలైనవి.

పదకొండు దాటాక తూర్పూ వద్దు, పడమరా వద్దు. ఉత్తరపు కిటికీ ఒక్కటే నమ్మకస్తురాలు. వేసవిలో, వానాకాలంలో ఉదయం, సాయంత్రం వారగా తగిలితే తగలొచ్చు గానీ, మిగతా కాలమంతా దాని మీద నేరుగా ఎండ పడదు. అందుకే ఆరోహణం రంగులు రోజంతా నిలకడగా ఉంటాయి. అది తీసుకుని, భోజనం చేసి, కాసేపు పడుకుని, మూడు దాటాక పడమటి కిటికీకి రండి. పడుకోబుద్ధి కాకపోతే మెదక్ ఖిల్లా ఉంది, కానీ మధ్యాహ్నపు ఎండలో ఆ మెట్లు ఎక్కమని నేను చెప్పను. పడమటి కిటికీ వేళే నాకు ఎక్కువ ఇష్టం. సాయంకాలపు ఎండలో పసుపుదనం ఎక్కువ కాబట్టి, జననదృశ్యం వెచ్చబడుతుంది.

బస విషయానికొస్తే, మెదక్‌లో ఆశలు పెట్టుకోకండి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జిలున్నాయి. నేను దిగినదాంట్లో దుప్పటి శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు మాత్రం అడిగిన గంటకు వచ్చాయి. అర్ధరాత్రి దాకా కింద బండ్ల మోత. అయినా పొద్దున్నే నడిచి చర్చికి చేరగలగడం ముందు అవన్నీ చిన్నవే. తిండికి బెంగ లేదు. పొద్దున ఇడ్లీ బండ్లు, రాత్రికి జొన్నరొట్టె దొరుకుతాయి. హైదరాబాద్ నుంచి దూరం సుమారు వంద కిలోమీటర్లు. సికింద్రాబాద్ జూబిలీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. సొంత బండి అయితే నర్సాపూర్ అడవి మీదుగా వెళ్ళే దారి అందమైనది. 2022 నుంచి మెదక్‌కు రైలు కూడా వచ్చింది, కానీ దాని వేళలు వెలుగు వేళలకు కుదరవు. నా ఓటు బస్సుకే.

ఊరు దాటే తీరిక లేనివాళ్ళకు సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉంది. మెదక్ చర్చి కట్టించిన క్రైస్తవ బోధకుడు చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా 1895లో వచ్చి మొదట తిరుమలగిరిలో తెల్ల సిపాయిల మధ్యే పనిచేశాడు. అక్కడ తృప్తి లేక గుర్రమెక్కి పల్లెల వైపు వెళ్ళాడు. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి పని చూపించి, తిండి పెట్టి ఆయన కట్టించిందే మెదక్ చర్చి. ఆ మనిషి విడిచిపెట్టి వెళ్ళిన సైనికుల చర్చిలను, ఆయన వెళ్ళి కట్టిన చర్చిని వరసగా చూస్తే యాత్రకు ఒక అర్థం వస్తుంది. అందుకే నేను ముందు తిరుమలగిరి, బొల్లారం చూసి, తర్వాత మెదక్ వెళ్ళమంటాను.

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది, విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందని చెబుతారు. 1983 నవంబర్ 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ఇక్కడి ఆరాధనకు వచ్చింది. మెదక్‌తో పోలిస్తే చిన్న గుడి, చిన్న కిటికీలు. కానీ ఆ చిన్నతనమే ఫొటోకు మేలు. కిటికీ దాదాపు కళ్ళెదుటే ఉంటుంది, జూమ్ అక్కర్లేదు, యాభై మిల్లీమీటర్ల లెన్స్ చాలు. చుట్టూ చెట్లు ఉన్నచోట ఒక చిక్కు ఉంటుంది. లేత రంగు గాజులో నుంచి కొమ్మల నీడలు పచ్చగా కనిపిస్తాయి. కొందరికి అది నచ్చదు, నాకు నచ్చుతుంది. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సంప్రదాయపు గుళ్ళలో పీఠం తూర్పున ఉండటం ఆనవాయితీ కాబట్టి పొద్దున్నే వెళ్ళడం ఉత్తమం. దగ్గర్లోనే రాష్ట్రపతి నిలయం, 2023 నుంచి సందర్శకులకు తెరిచి ఉంచుతున్నారు. పూట గడపడానికి ఇబ్బంది లేదు. దారిలో కెమెరా సంచిలోనే ఉంచండి, అదంతా మిలిటరీ ఏరియా. బోర్డులు చదువుకుని నడవాలి.

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది, 2008లో బసిలికా హోదా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది. అందం, ఎత్తు అన్నీ ఉన్నాయి గానీ, పూజ తర్వాత పూజ జరుగుతుంటుంది, భక్తులు వస్తూనే ఉంటారు. కెమెరా పట్టుకుని అక్కడ తిరగడం నాకు మనసొప్పలేదు. కూర్చుని చూసి వచ్చేశాను.

చివరగా ఫలక్‌నుమా. 1884లో పైగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన ఆ ప్యాలెస్‌లో రంగుటద్దాలు గదుల్లోకి రంగులు విరజిమ్ముతాయి, అది నిజం. 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. గది తీసుకోగలిగినవాళ్ళు తీసుకోండి, ఆ వైభవానికి పేరు పెట్టాల్సిన పని లేదు. టూరు టికెట్టుతోనో, టీ కోసమో వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. గైడు వెంట గుంపుగా నడవాలి, ఒక కిటికీ ముందు వెలుగు మారేదాకా ఆగుతానంటే కుదరదు. ఫొటో మనకు కావలసిన వేళను బట్టి కాకుండా టూరు నడిచే వేళను బట్టి వస్తుంది. అద్దాల కోసమే అయితే ఆ డబ్బును మెదక్‌లో రెండు రాత్రుల బసకు, ఒక మంచి జూమ్ లెన్స్ అద్దెకు పెట్టడం మేలు.

నెల ఎంచుకోవాలంటే ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా, లేదా వానలు తగ్గే సెప్టెంబర్, అక్టోబర్. అప్పుడు పొద్దు దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి పడమట గుంకుతుంది, రెండు రెక్కల కిటికీలకూ ఎదురుగా నిలుస్తుంది. ఆదివారం వద్దు. క్రిస్మస్ వారం కెమెరాతో అసలు వద్దు, ఆ వారం వెళితే అందరితో పాటు కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళండి.