కిడ్నీ మార్పిడి తర్వాత బిడ్డ కావాలంటే: మైకోఫెనోలేటా, అజాథియోప్రినా?

కిడ్నీ మార్పిడి జరిగిన ఆడవాళ్లలో చాలామంది మూడు మందులు వాడతారు: టాక్రోలిమస్, ప్రెడ్నిసోలోన్, మైకోఫెనోలేట్. గర్భం అనుకున్నప్పుడు మొదటి రెండూ సాధారణంగా కొనసాగుతాయి. పేచీ అంతా మూడోదానితోనే.

కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా కాపాడటంలో మైకోఫెనోలేట్‌దే పైచేయి. కానీ కడుపులో బిడ్డకు అది ప్రమాదం. గర్భస్రావాలు పెరుగుతాయి, చెవులు సరిగ్గా ఏర్పడకపోవడం, పెదవి, అంగిలి చీలి పుట్టడం వంటి లోపాలు రావచ్చు. ఇది వాడుతున్నంత కాలం నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి తప్పనిసరి. మార్పిడి తర్వాత కొన్ని నెలల్లోనే అండం విడుదల మళ్లీ మొదలుకావచ్చు. డయాలసిస్ రోజుల్లో నెలసరి ఆగిపోయినవాళ్లు "మాకింక గర్భం రాదులే" అనుకుని ఇక్కడే పొరబడతారు. ఆసుపత్రిలో ఎవరూ ఈ మాట ఎత్తకపోతే మీరే అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మైకోఫెనోలేట్‌కు బదులుగా ఇచ్చే అజాథియోప్రిన్ పాత మందు, కాస్త బలహీనం. అయినా గర్భిణులు దశాబ్దాలుగా వాడుతున్నది. తెల్లరక్తకణాలు పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తుండాలి. యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్‌లతో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

బిడ్డ కావాలంటే నా ఓటు అజాథియోప్రిన్‌కే. అయితే మార్పిడి జరిగి కనీసం ఏడాది గడవాలి, కిడ్నీ నిలకడగా ఉండాలి. మైకోఫెనోలేట్ ఆపిన కనీసం 6 వారాల తర్వాతే ప్రయత్నించాలి. కొత్త మందు మీద క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కుదురుగా ఉందో లేదో చూడటానికి డాక్టర్లు ఇంకొన్నాళ్లు ఆగమనవచ్చు. ఈలోపే నెల తప్పితే సొంతంగా మాత్రలు ఆపొద్దు, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి.