నెట్ లేని రాత్రి సింక్‌థింగ్: రెండేళ్లు వాడాక నా మాట

సింక్‌థింగ్ అనే యాప్ అంటే ఏమిటో, ఎలా పెట్టుకోవాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవన్నీ వదిలేస్తున్నాను. ఫోన్లో ఓ ఫోల్డర్, లాప్‌టాప్‌లో ఓ ఫోల్డర్, రెండూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, మధ్యలో ఎవరి సర్వర్లోనూ మన ఫైలు దాచరు, పైసా అడగరు. అంతే. నేను రాస్తున్నది ఒక్క రాత్రి గురించి.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి శ్రీకాకుళం వచ్చేసి కన్సల్టెంట్ అని కార్డు కొట్టించుకున్నాను. పేరు పెద్దదే గానీ చేసేది చిన్న వ్యాపారాల బిల్లులు, స్టాకు లెక్కలు ఫోన్లోకీ వెబ్‌లోకీ ఎక్కించడం. అలా పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీ పని దొరికింది. జీడి పిక్కల బస్తాలు దిగినప్పటి కాటా చీటీలు, కూలీల పుస్తకం, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని పప్పు సైజు గ్రేడు రాసిన డబ్బాలు, అన్నీ కలిపి 150 దాకా ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆ అంకెలతోనే వాళ్లకి డెమో చూపించాలి. వచ్చేసరికి ఒకటే గాలీ వానా, కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద ఓ ఫ్యాను, రౌటర్ నడుస్తున్నాయి, రౌటర్ మీద ఎర్ర లైటు. ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. క్లౌడ్ డ్రైవ్ తెరిస్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంది. కేబుల్ పెడదామంటే ఇంట్లో ఉన్నది ఛార్జింగ్‌కి తప్ప ఇంకెందుకూ పనికిరాని రకం. టెన్షన్‌తో లాప్‌టాప్ తెరిచి, ఏం తోచక సింక్‌థింగ్ ఫోల్డర్ చూద్దును కదా, ఫొటోలు వచ్చి కూర్చున్నాయి, మిగతావి ఒక్కొక్కటే ఇంకా దిగుతున్నాయి!

కాసేపు నాకే అర్థం కాలేదు. నెట్ పోయింది గానీ వైఫై పోలేదు. బయటికి వెళ్లే దారి తెగినా ఇంట్లో రెండు పరికరాల మధ్య దారి అలాగే ఉంది, సింక్‌థింగ్ ఆ దారిలోనే "ఉన్నావా" అని కేకేసి అవతలి దాన్ని పట్టుకుని ఫైలు నేరుగా ఇచ్చేస్తుంది. క్లయింట్లకి నెట్‌వర్క్ బొమ్మలు గీసి పాఠాలు చెప్పేవాడిని, వైఫై అంటే నెట్టే అని నా బుర్రలోనూ ఎప్పుడు పడిపోయిందో తెలీదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇలాంటి జిల్లాలో కూర్చుని ఒంటరిగా పని చేసుకోవాలనుకున్నవాడు నెట్ లేకపోతే చేతులెత్తేసే పనిముట్లన్నీ పోగేసుకోవడం ఏమిటో! ఆ రాత్రి ఇన్వర్టర్ వెలుతురులో అంకెలన్నీ ఎక్కించాను, డెమో బాగానే జరిగింది.

ఆ ఊపులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, పెట్టుకోండి, ఫైళ్లు భద్రం, బ్యాకప్ గొడవే ఉండదని. ఆ బ్యాకప్ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

అంతకంటే ముందు ఇంకోటి. ఫ్యాక్టరీలో వైఫై లేదు కదా అని ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్ కలిపితే యజమాని ముందు పావుగంట సేపు ఒక్క ఫైలూ కదల్లేదు. కారణం ఏమిటంటే ఫోను వైఫైలో ఉంటేనే నడవాలని యాప్‌లో ముందే పెట్టి ఉంటుంది, వైఫై ఇస్తున్న ఫోను వైఫైలో ఉన్నట్టు లెక్కలోకి రాదు. బలవంతంగా నడిపించే మీట ఉంది, నొక్కితే కదిలింది.

ఇక అసలు దెబ్బ. ఏప్రిల్లో పిక్కల సీజన్ చీటీలు మళ్లీ ఫొటోలు తీశాను, అవి లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి కదా అని, ఫోను నిండిపోయిందని, ఫోన్లోవి చెరిపేశాను. సాయంత్రానికి లాప్‌టాప్‌లోనూ లేవు. దాని తప్పేం లేదు, రెండూ ఒకేలా ఉంచమన్నది నేనే. చెరిపిన ఫైళ్లని పక్కన దాచే ట్రాష్ క్యాన్ అమరిక ఉంది, కానీ దాన్ని మనం ఆన్ చేసుకోవాలి, నేను చేసుకోలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస బస్సెక్కి మళ్లీ వెళ్తే ఆ యజమాని, "ఏటి బాబూ, మల్లీ వచ్చినావేటి?" అన్నాడు. ఆయన కాటా చీటీలు ఇనప తీగకి గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి.

పెట్టుకోమంటావా అంటే, నాకు కుదిరింది, ఎందుకంటే నేనొక్కడినే, నాది ఆండ్రాయిడ్ ఫోను. సింక్‌థింగ్ వాళ్ల అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది, నేను వాడేది ఫోర్క్, అంటే అదే కోడ్ తీసుకుని వేరేవాళ్లు విడిగా నడుపుతున్న యాప్, అది ఎన్నాళ్లుంటుందో నన్నడగొద్దు. ఐఫోనుకైతే వాళ్ల సొంత యాప్ అసలు లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఎక్సెల్ షీటు దిద్దే ఆఫీసైతే కాన్‌ఫ్లిక్ట్ అన్న పేరుతో రెండో కాపీ తయారవుతుంది, ఏది సరైనదో మీరే తేల్చుకోవాలి, వాళ్లకి మామూలు క్లౌడ్ డ్రైవే హాయి. నేనైతే తియ్యను. ట్రాష్ క్యాన్ ఆన్ చేశాను, ప్రతి ఆదివారం ఓ హార్డ్ డిస్కులోకి చేత్తో కాపీ చేసుకోవాలని పెట్టుకున్నాను, ఇప్పటికే రెండు ఆదివారాలు మర్చిపోయాను.