సాన్ సెబాస్టియన్‌లో చేపకి 96 యూరోలు వదిలాక, రూమ్‌లో మేమే వండుకున్నాం

స్పెయిన్ ట్రిప్‌లో మాడ్రిడ్ మూడు రోజులు, బిల్బావో రెండు రోజులు బానే గడిచాయి, చెప్పుకోడానికి ఏం లేదు. కడుపుమంటంతా సముద్రం ఒడ్డున ఉన్న సాన్ సెబాస్టియన్‌లోనే.

మా అత్తగారిది నర్సాపురం వైపు, చేప లేకపోతే ముద్ద దిగదు. పైగా షుగర్ టాబ్లెట్, ఏడున్నరకల్లా తినాలి. అక్కడేమో రాత్రి ఎనిమిదిన్నరైతే గానీ మంచి హోటళ్ళ వంటిళ్ళు తెరవరు. హార్బర్ దగ్గర ఏడింటికే తెరిచి, నాలుగు భాషల్లో ఫోటోల మెనూ పెట్టుకుని రమ్మని పిలుస్తున్న హోటల్ ఒకటి కనపడితే దూరిపోయాం. మెనూలో చేప పక్కన రేటు లేదు, మార్కెట్ ధర అని ఉంది, నేనూ అడగలేదు, బుద్ధిలేక. మెర్లూసా అని అక్కడి తెల్ల చేప, ఇంగ్లీషులో హేక్ అంటారే అదే, 64 యూరోలు, సలాడ్లు 18, నీళ్ళు 6.50, ముట్టుకోని బ్రెడ్‌కి 7.50, మొత్తం 96! చేపేమో దూదిలా ఉంది. అత్తగారు ఒక ముక్క చిదిమి చూసి "ఐసులో పెట్టిన చేప బాబూ ఇది, తల చూపించకుండా తెచ్చినప్పుడే అనుకున్నా" అన్నారు. మా ఆవిడ రూమ్‌కి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

రూమ్ అంటే గ్రోస్ ఏరియాలో అపార్ట్‌మెంట్, నాలుగు రాత్రులకి 620, క్లీనింగ్ అని ఇంకో 55. బీచ్ దగ్గరే, మంచాలు బావున్నాయి, కానీ కిచెన్‌లో ఉప్పు కూడా లేదు, కత్తికి టమాటా తెగదు. అయినా సరే ఇంక మనమే వండుకుందాం అని పాత ఊళ్ళో లా బ్రెత్చా మార్కెట్‌కి వెళ్ళాం. ఆదివారం మూసేస్తారు, సోమవారం మాత్రం చేప కొనకండి, ముందురోజు పడవలు వెళ్ళవు కాబట్టి తాజా సరుకు తక్కువ. మేం మంగళవారం వెళ్ళాం. అత్తగారు మొప్పలు ఎత్తి చూసి, కళ్ళు చూసి, తలూపారు. అమ్మేవిడ కూడా నవ్వి, ఒక కిలో రెండొందల గ్రాముల చేప చక్కగా ముక్కలు కొట్టి, సంచిలో ఒక పార్స్‌లీ (చూడ్డానికి కొత్తిమీరలా ఉండే ఆకు) కట్ట ఊరికే పడేసింది. అక్కడ చేపలవాళ్ళు అలా ఇవ్వడం మామూలేనట, మనకి కరివేపాకు కొసరేసినట్టు.

చేప 22.68, ఆల్చిప్పలు 6, నూనె వెల్లుల్లి 7, గెటారియా ఊరి చకోలి అనే తెల్ల వైన్ సీసా 11.90, మొత్తం 47.58.

మేం చేసింది అక్కడి సాల్సా వెర్దే చేప, వంట చాలా సింపుల్. వెడల్పాటి పెనంలో ఆలివ్ నూనె ధారాళంగా పోసి వెల్లుల్లి రంగు మారకుండా సన్నమంట మీద వేయించి, చెంచా మైదా, అర గ్లాసు చకోలి, తర్వాత చేప, ఆల్చిప్పలు, చివర్లో పార్స్‌లీ. గరిట పెట్టకూడదు, పెనాన్నే చేత్తో గుండ్రంగా ఊపుతూ ఉండాలి, చర్మంలో ఉన్న జిగురు దిగి నూనెతో కలిసి సాస్ చిక్కబడుతుంది. ఆ ఊపడం చూసి అత్తగారు "మా పులుసు గిన్నె ఊపడమూ ఇంతేగా" అన్నారు. నేను వైన్ మూత తీసే లోపు బ్యాగ్‌లోంచి పసుపు తీసి చల్లేశారు! సాల్సా వెర్దే అంటే పచ్చ సాస్, మాదీ పచ్చే, కాకపోతే పసుపుపచ్చ. రుచి మాత్రం అదిరింది.

చకోలి కొంచెం నురగొస్తూ పుల్లగా ఉంటుంది, వేపుడు చేప మీద నిమ్మకాయ పిండినట్టు. బాగా చల్లగా ఉండాలి. అక్కడి బార్లలో సీసా తల ఎత్తు నుంచి గ్లాసులోకి పోస్తారు, నేనూ ట్రై చేస్తే సగం నేలపాలు, మా ఆవిడ అప్పుడు నవ్వింది, రెండు రోజుల తర్వాత. బిల్బావోలో కొన్న రియోహా రెడ్ వైన్ కూడా ఒక గుక్క చూశా, చేపతో ఇనప గరిట నాకినట్టుంది, దాన్ని మాంసానికి ఉంచుకోండి. అత్తగారు వైన్ వాసన చూసి పక్కన పెట్టి, ఇబార్రా అనే ఊరి మిరపకాయల ఊరగాయ సీసా సగం లాగించారు.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే ఆవిడ రూమ్‌లో లేరు, మాకు గుండె ఆగినంత పనైంది. గంటకి చేప సంచితో వచ్చారు. "కొత్తిమీర అడిగితే మళ్ళీ ఈ గడ్డినే ఇచ్చింది బాబూ ఆ పిల్ల."