తుపాకీకి డ్రై లూబ్: స్ప్రేనా, బేక్ చేసే పూతా, మామూలు నూనేనా? ఏది మేలు?

అరిజోనాలో దుమ్ము తుఫాన్ల సీజన్ వచ్చిందంటే, షూటింగ్ రేంజ్‌కి వచ్చే మనవాళ్లలో కనీసం ఒకరైనా అడిగే ప్రశ్న ఇది: "ఆయిల్ పూస్తే దుమ్మంతా పట్టేస్తోంది అన్నా, డ్రై లూబ్‌కి మారిపోనా? మారితే ఏది కొనాలి?" డ్రై లూబ్ అంటే నూనెలా తడిగా కాకుండా, పొడి పొరగా ఉండి లోహాన్ని జారేలా చేసేది. ఈ మధ్యే నా ఏఆర్-15 రైఫిల్ బోల్ట్ క్యారియర్‌కి (కాల్చినప్పుడల్లా లోపల ముందుకీ వెనక్కీ కదిలే ఉక్కు భాగం) అలాంటి పూత వేసుకున్నాను. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే నయం.

ముందు దుమ్ము సంగతి. నూనెకి దుమ్ము అంటుకుంటుంది, నిజమే. అందుకే తుపాకీ జామ్ అవుతుంది అనేది మాత్రం సగం నిజం. 2007లో అమెరికా సైన్యం ఎం4తో పాటు మరో మూడు రకాల రైఫిళ్లకు దుమ్ము పట్టించి, ఒక్కో రకంతో 60,000 రౌండ్లు కాల్చి చూసింది. వాటికి నూనె దండిగానే పట్టించారు, ఎందుకంటే అంతకుముందు పరీక్షల్లో పల్చగా పూసినవాటి కంటే దండిగా పూసినవే బాగా పనిచేశాయి. తడి ఉన్నంతసేపూ నూనె ఆ దుమ్మును రాపిడి జరిగే చోటు నుంచి పక్కకు నెడుతుంది. బీరువాలో నెలల తరబడి ఉండి జిగురైపోయిన నూనెతోనే అసలు తంటా. కాబట్టి వారం వారం రేంజ్‌కి వెళ్లి, వచ్చాక శుభ్రం చేసుకునేవాళ్లు దుమ్ముకి భయపడి డ్రై లూబ్‌కి మారాల్సిన పని లేదు.

మరి ఎవరికి పనికొస్తుంది? తుపాకీని నెలలపాటు కదపకుండా ఉంచేవాళ్లకి, నూనె చిక్కబడే చలి ప్రాంతాల వాళ్లకి. మ్యాగజైన్ (గుళ్లు నింపే పెట్టె) లోపలి భాగాల్లాంటి, నూనె ఉండకూడని చోట్లకి కూడా. గ్లాక్ పిస్తోల్లో ఫైరింగ్ పిన్ (గుండును పేల్చే సూది) దారిని పొడిగా ఉంచమని కంపెనీ మాన్యువల్లోనే ఉంటుంది. అక్కడ అసలు ఏదీ వేయకపోవడమే సరి.

ఇక రకాలు. గ్రాఫైట్ పొడి తలుపు తాళాలకు భేషుగ్గా ఉంటుంది, తుపాకీకి వద్దు. అది జారాలంటే గాలిలో కాస్త తేమ కావాలి, మన ఫీనిక్స్ గాలిలో అదే కరువు. పైగా అల్యూమినియంతో కలిసి తేమ తగిలితే ఆ లోహాన్ని తినేస్తుంది. ఏఆర్-15 రిసీవర్ (భాగాలన్నీ ఇమిడి ఉండే ఒళ్లు) అల్యూమినియమే కదా. సిలికాన్ స్ప్రే, మైనం లాంటివి సరే, ఉన్నాయంటే ఉన్నాయి.

టెఫ్లాన్ స్ప్రేలు చవక, వాడటం తేలిక. కొట్టగానే ద్రవం ఆరిపోయి తెల్లటి పొర మిగులుతుంది. మ్యాగజైన్లకి నేనూ అదే వాడతాను. కానీ ఆ పొర మెత్తన. పిస్తోలు పైభాగం (స్లైడ్) జారే పట్టాల మీద ఒత్తిడికి ఎక్కువసేపు నిలవదు. (పొగతాగేవాళ్లు ఇది వాడాక చేతులు కడుక్కోకుండా సిగరెట్ ముట్టుకోకండి. టెఫ్లాన్ కాలితే వచ్చే పొగ పీల్చితే ఫ్లూ వచ్చినట్టు జ్వరం వస్తుంది.)

మాలిబ్డినం డైసల్ఫైడ్, అందరూ 'మాలీ' అనేది, గట్టి ఒత్తిడికి సరైనది. పొరలు పొరలుగా ఉండి ఒకదానిమీద ఒకటి జారుతుంది. గ్రాఫైట్‌కి పూర్తిగా ఉల్టా: పొడి గాలిలో బాగుంటుంది, తేమలో మందగిస్తుంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ దీనికి అన్నయ్య వరస, ఖర్చెక్కువ, ఇంట్లో వేసుకునేది కాదు.

అయితే నా మట్టుకు ఏ పొడి అన్నదానికన్నా, ఆ పొడి లోహాన్ని ఎలా పట్టుకుని ఉందన్నదే ముఖ్యం. డబ్బాలోంచి కొట్టిన మాలీని వేలితో రుద్దితే నల్లగా వచ్చేస్తుంది. అదే మాలీని రెజిన్‌లో కలిపి, ఓవెన్‌లో బేక్ చేస్తే సుమారు పది మైక్రాన్ల పొరగా గట్టిపడుతుంది. సైన్యం వాడే ఎం4 రిసీవర్ లోపల ఉండేది ఇలాంటి పూతే. నా ఓటు దీనికే.

పని మొత్తం లోహాన్ని సిద్ధం చేయడంలోనే ఉంది. అది సరిగ్గా చేయకపోతే గోడకి లప్పం పెట్టకుండా రంగు వేసినట్టే, పెచ్చులూడుతుంది. తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గుళ్లు వేరే గదిలో పెట్టి మొదలుపెట్టండి. స్ప్రింగులు, రబ్బరు, ప్లాస్టిక్ అన్నీ విప్పేయాలి. నున్నటి ఉక్కు అయితే అల్యూమినియం ఆక్సైడ్‌తో బ్లాస్టింగ్ చేసి గరుకు చేయాలి. ఫాస్ఫేట్ ఫినిష్ ఉంటే అదే పొడిని పట్టుకుంటుంది, బ్లాస్టింగ్ అక్కర్లేదు. నాది అదే. తర్వాత అసిటోన్‌తో జిడ్డు వదిలించి, గ్లవ్స్ లేకుండా ఇక ముట్టుకోకూడదు. జిడ్డు పోయిందో లేదో చూడటానికి నీళ్లు పోయండి: నీరు బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు, పల్చటి తెరలా పరుచుకుంటే పోయినట్టు. పూత వేసేముందు ఒకసారి ఖాళీగా వేడి చేస్తే సందుల్లో దాగిన నూనె చెమటలా బయటికొస్తుంది. మళ్లీ తుడిచి, అప్పుడు స్ప్రే చేయాలి, అదీ పల్చగా. మందంగా వేస్తే కారుతుంది, భాగాలు బిగుసుకుంటాయి.

నేను వాడినదాన్ని 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంట ఉంచాలి. మీ డబ్బా మీద ఏం రాసుందో అదే పాటించండి. ఇంట్లో వంట చేసే ఓవెన్ మాత్రం వద్దు, ఆ ఆవిర్లు తిండిలోకి రాకూడదు. పాత టోస్టర్ ఓవెన్ ఒకటి దీనికే కేటాయించండి, గరాజ్ తలుపు తెరిచి ఉంచండి. బారెల్ లోపల, ఛాంబర్‌లో (గుండు కూర్చునే చోటు), ట్రిగ్గర్ పట్టు పడే అంచుల మీద పూత పడనివ్వొద్దు. అక్కడి కొలతలు మారితే ప్రమాదం.

సెరాకోట్ గురించి కూడా అడుగుతున్నారు. ముఖ్యంగా అది తుప్పు, గీతలు పడకుండా పైన వేసే ఫినిష్. మామూలు సెరాకోట్‌ని లూబ్రికెంట్ అనుకోకండి. నికెల్‌లో టెఫ్లాన్ కలిపి వేసే ఎన్‌పీ3 లాంటి ప్లేటింగ్ బాగుంటుంది, కానీ తుపాకీని విప్పి షాపుకి పంపాలి, జేబు కూడా తడుముకోవాలి.

బేక్ చేసిన పూత మీద కూడా నేను నూనె మానలేదు. క్యారియర్ రాసుకునే నాలుగు చోట్లా తలో చుక్క వేస్తాను. ఎప్పుడైనా మరిచిపోయినా లోహం లోహానికి రాసుకోదు, ఆ పూత వల్ల లాభం అదే. మొదట్లో గుడ్డకి కాస్త నలుపు అంటుతుంది, కంగారు పడక్కర్లేదు.

తేమ ఎక్కువుండే హ్యూస్టన్ వాళ్లకి మాట మారుతుంది. అక్కడి ఉక్కకి అసలు శత్రువు తుప్పు. పొడి స్ప్రేలు తుప్పుని పెద్దగా ఆపవు. కాబట్టి తుప్పు నిరోధకం కలిసిన బేక్డ్ పూతైనా వేయించుకోవాలి, లేదా హాయిగా నూనెకే కట్టుబడాలి.

ఊళ్లో నాన్నగారి లైసెన్స్ డబుల్ బారెల్‌కి కూడా వేయించనా అని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు. ఆ రెండు గొట్టాల్ని, మధ్య పట్టీని చాలావరకు సీసం, తగరం టంకంతోనే అతుకుతారు. అది దాదాపు 183 డిగ్రీల సెల్సియస్‌కే కరగడం మొదలవుతుంది. 300 ఫారెన్‌హీట్ అంటే 149 సెల్సియస్, టోస్టర్ ఓవెన్ ముల్లు ఎంత అటూఇటూ తిరుగుతుందో మనకి తెలిసిందే. సముద్రం పక్క ఊరైతే వాడిన ప్రతిసారీ, వానాకాలంలో వాడకపోయినా వారానికోసారి, నూనె గుడ్డతో తుడవమనండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది.